రాధికా సాంత్వనము: ముందు పేజీలు ఉన్న ప్రతే కొనండి

నాది పెళ్లికూతుళ్ళని తయారుచేసే పని. చెన్నై అశోక్ నగర్‌లో చిన్న పార్లర్ ఉంది. పందొమ్మిదేళ్ళుగా ఇదే వృత్తి. ముహూర్తం తెల్లవారుజామున నాలుగున్నరకి అంటే నేను రాత్రి ఒంటిగంటకే మండపంలో ఉండాలి. సవరం కట్టాలి, పూలజడ కుట్టాలి, కుచ్చిళ్ళకి పిన్నులు పెట్టాలి, మధ్యలో పిల్ల ఏడిస్తే కాటుక మళ్ళీ దిద్దాలి. ఇలాంటి మనిషి పద్యకావ్యం మీద రివ్యూ రాయడమేంటని మా ఆయన నవ్వాడు. నవ్వనీండి. ఈ పుస్తకం నా పనికి సంబంధించిందే.

పోయిన డిసెంబరు సీజన్లో ఒక డాన్సర్ అమ్మాయి మేకప్‌కి వచ్చింది. కుర్చీలో కూర్చోగానే, "అక్కా, ఈసారి రాధకి పదహారేళ్ళ మొహం వద్దు. ముప్పై దాటిన మనిషిలా ఉండాలి. అందం తగ్గకూడదు, వయసు దాచకూడదు" అంది. పందొమ్మిదేళ్ళలో ఎవరూ నన్ను అలా అడగలేదు. అందరూ వయసు తగ్గించమనేవాళ్ళే. ఎవరీ రాధ అంటే, ముద్దుపళని రాసిన రాధ అంది. చెంపసరాలు చెవికి తగిలించే లోపు కథంతా చెప్పేసింది. ఇంటికెళ్ళి అదే రాత్రి ఆన్‌లైన్లో రాధికా సాంత్వనము ఆర్డర్ పెట్టాను. 450 రూపాయలు.

వచ్చింది. అట్ట మీద ఎవరో అరకళ్ళు మూసుకున్న అమ్మాయి బొమ్మ, కింద "ఒకప్పుడు నిషేధించిన శృంగార కావ్యం" అని ఎర్ర అక్షరాలు. తెరిస్తే 17వ పేజీతో మొదలైంది. ముందు పదహారు పేజీలు లేవు. ఇంకోచోట రెండు పేజీలు తలకిందులుగా కుట్టారు. అమ్మినవాళ్ళకి ఫిర్యాదు పెడితే చాట్‌లో ఎవరో, "డ్యామేజ్ అయిన పేజీల ఫోటో పంపండి" అన్నారు. లేని పేజీలకి ఫోటో ఎలా తీయాలండీ? అడిగాను. ఇరవై నాలుగు గంటల్లో చెప్తామన్నారు. ఇప్పటికీ చెప్పలేదు.

మా వీధిలోనే రిటైరైన తెలుగు మాస్టారు ఉన్నారు. ఆయన దగ్గర వాళ్ళ నాన్నగారి నాటి ప్రతి, వావిళ్ళవాళ్ళు అచ్చేసింది, దొరికింది. కాగితం టీ డికాక్షన్ రంగుకి వచ్చేసింది. జెరాక్స్ షాపు కుర్రాడు మెషిన్‌లో పెడితే ముక్కలైపోతుందని ఒక్కో పేజీ అద్దం మీద పరిచి తీశాడు. స్పైరల్ బైండింగ్‌తో కలిపి 340 రూపాయలు. కొన్నదానికంటే ఇదే చవక, పైగా ఇందులో అన్ని పేజీలూ ఉన్నాయి.

ఆ ముందు పేజీల గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే నాకు పుస్తకంలో అన్నిటికంటే నచ్చింది అక్కడే ఉంది.

ముద్దుపళని 18వ శతాబ్దపు మనిషి. తంజావూరులో మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో గణిక. ఆయన 1739 నుంచి 1763 దాకా ఏలాడు. రాజు మరాఠీవాడు, ఊరు తమిళులది, ఆవిడ రాసింది తెలుగులో. చెన్నైలో పుట్టి పెరిగిన నాబోటివాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. మాకు వీధిలో తమిళం, వంటింట్లో తెలుగు, బ్యాంకులో ఇంగ్లీషు. వింతేంటంటే, కావ్యం మొదట్లో ఆవిడ తన గురించి తను చెప్పుకున్న తీరు. కవులు తమ వంశం చెప్పుకోవడం మామూలే, తాత, ముత్తాత, తండ్రి అని. ఈవిడ అవ్వ తంజనాయకి పేరూ మేనత్త పేరూ తలుచుకుంటుంది, తన విద్య వాళ్ళ నుంచి వచ్చిందని. ఆ తర్వాత ఏ మొహమాటమూ లేకుండా, నాలాంటి ఆడవాళ్ళలో పండితులకి డబ్బూ కానుకలూ ఇచ్చి సన్మానం చేసినవాళ్ళు ఇంకెవరున్నారు, ఎవరికి కావ్యాలు అంకితం ఇచ్చారు అని అడుగుతుంది. ఆ కాలంలో అంకితం పుచ్చుకోవడం రాజుల పని.

ఇంకొక మాట కూడా ఉంది, అది నేను పార్లర్ అద్దం పక్కన రాసి పెట్టుకున్నాను. మొహానికి తగ్గ మాట, మాటకి తగ్గట్టు కళ్ళల్లో దయ, ఆ చూపుకి తగ్గ ఇచ్చే గుణం, ఇవీ తన నగలు అంటుంది. వంకీ, చెంపసరాలు, పాపిడి బిళ్ళ అద్దెకి తెచ్చి, లెక్కపెట్టి తిరిగిచ్చే నాకు ఈ లిస్టు చూస్తే కొంచెం సిగ్గేసింది, కొంచెం నవ్వూ వచ్చింది. ఇవి అద్దెకి దొరకవు కదా.

ఇప్పుడు వినండి. 1887లో పైడిపాటి వెంకటనరసు అనే ఆయన ఈ కావ్యాన్ని అచ్చు వేశాడు. ఆయన సి.పి. బ్రౌన్‌తో కలిసి పనిచేసినవాడు. ఆ అచ్చులో ఏం తీసేశారో తెలుసా? ముందున్న ఈ పీఠికనే, ఇంకొన్ని పద్యాలతో పాటు. మాస్టారు ఈ సంగతి చెప్పినప్పుడు ఇంటికెళ్ళి ఆన్‌లైన్ కాపీ మళ్ళీ తీసి చూశాను. అదేదో కుట్టులో జారిపోయి ఉంటుంది, కావాలని చేసిందని నేననను. కానీ ఊడిపోతే ఎప్పుడూ అవే పేజీలు ఊడిపోవాలా?

వాటిని మళ్ళీ అతికించింది బెంగుళూరు నాగరత్నమ్మ. పేరు బెంగుళూరే గానీ ఆవిడ పాటకి పేరొచ్చిందీ, ఈ పుస్తకం వేయించిందీ మన మద్రాసులోనే. ఆవిడా దేవదాసి కుటుంబంలో పుట్టిందే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించిందీ, అక్కడ ఆడవాళ్ళు పాడకూడదంటే పోట్లాడి పాడించిందీ ఈవిడే. వెంకటనరసు అచ్చు ఆవిడకి తృప్తినివ్వలేదు. రాతప్రతి సంపాదించి, పాఠం సరిచూసి, 1910లో వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ ద్వారా పూర్తి పుస్తకం తెచ్చింది. అంతకుముందే కందుకూరి వీరేశలింగం గారు తన కవుల చరిత్రలో ముద్దుపళనిని తిట్టిపోశారు, ఆడదాని నోట రావలసిన మాటలా ఇవి అని. నాగరత్నమ్మ తన ముందుమాటలో సూటిగా అడిగింది: సిగ్గు ఆడవాళ్ళకేనా, మగవాళ్ళకి ఉండదా? మీరే పరిష్కరించిన వైజయంతీ విలాసంలో ఇంతకంటే పచ్చిగా లేదా? వీరేశలింగం గారి మీద నాకు గౌరవం ఉంది. వితంతువులకి పెళ్ళిళ్ళు చేసిన మనిషి. కానీ ఈ ఒక్క చోట నాగరత్నమ్మ గెలిచింది, సందేహం లేదు.

1911లో పోలీసులు వచ్చి ప్రతులు పట్టుకుపోయారు. ఆ తర్వాత నిషేధం. 1947లో టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు) ఉన్నప్పుడు ఎత్తేశారు. 1952లో వావిళ్ళవాళ్ళు మళ్ళీ అచ్చేశారు. నాగరత్నమ్మ పోయింది కూడా ఆ సంవత్సరమే.

ఇక చదవడం సంగతి. నేను టెన్త్ దాకా తెలుగు మీడియమే అయినా ప్రబంధ భాష నాకు ఒంటరిగా లొంగదు. మాస్టారింట్లో సాయంత్రాలు కూర్చునేదాన్ని. ఆయన పద్యం చదివి, పదాలు విడదీసి, అర్థం చెప్పేవారు. మొదటి వారం బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు, రాధ దగ్గర తన పప్పులేవీ ఉడకవని, తను వద్దన్నకొద్దీ ఆవిడ మీదికొస్తుందని కృష్ణుడే చెప్పుకునే చోటికి వచ్చాం. మాస్టారికి దగ్గొచ్చింది.

"దీన్ని మనం అలంకారశాస్త్ర దృష్టితో చూడాలమ్మా" అన్నారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

"చూద్దాం మాస్టారూ. ముందు అర్థం చెప్పండి."

మళ్ళీ దగ్గు. మాస్టారి భార్య, పిన్నిగారు, అక్కడే నేల మీద చాట పెట్టుకుని మునగాకు దూస్తోంది. తల ఎత్తకుండానే అంది, "ముప్పై ఏళ్ళు మగపిల్లలకి ప్రబంధాలు చెప్పారు. అప్పుడు రాని దగ్గు ఇప్పుడెందుకొచ్చిందో."

మాస్టారు బీపీ మాత్ర వేసుకోవాలని లోపలికెళ్ళారు. మాత్ర వేసుకునే టైము కాదది.

"ఇటు తే అమ్మాయ్" అని పిన్నిగారు ఆకు పసరు అంటిన చెయ్యి చీర చెంగుకి తుడుచుకుని పుస్తకం తీసుకుంది. ఆవిడ చదివింది ఎనిమిదో క్లాసు. కానీ చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ పద్యాలు బట్టీ పట్టించిందట. తడుముకోకుండా చదివి, "ఏముందిందులో? ఆవిడకి ఇష్టమైంది ఆవిడ చేసింది, ఆయన ఫిర్యాదు చేస్తున్నట్టు మురిసిపోతున్నాడు, అంతే" అంది. ఆ రోజు నుంచి దగ్గొచ్చే పద్యాలన్నీ పిన్నిగారే చెప్పింది. మిగతావి మాస్టారు. ఇంత మంచి క్లాసు డబ్బులిచ్చినా దొరకదు.

కథ చిన్నదే. రాధ కృష్ణుడికి వరసకి అత్త, అతని ప్రియురాలు కూడా. ఇళాదేవి అనే అమ్మాయిని చిన్నప్పటి నుంచీ తనే పెంచుతుంది, తనే కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది. పెళ్ళికూతురికి ఎలా మసులుకోవాలో చెప్తుంది, పెళ్ళికొడుక్కి పిల్లతో సున్నితంగా ఉండమని చెప్తుంది. తలుపు మూసుకున్నాక తను బయట మిగిలిపోతుంది. ఈ కావ్యానికి ఇళాదేవీయం అని ఇంకో పేరుంది. పేరు ఇళదే, పుస్తకం మాత్రం రాధది.

మన పెళ్ళిళ్ళలో అలకపాన్పు ఉంటుంది కదా. పెళ్ళికొడుకు మంచమెక్కి మూతి ముడుచుకుని కూర్చుంటాడు, అత్తామామలు బతిమాలి ఏదో ఒకటి చేతిలో పెడతారు. ఒకప్పుడు వాచీ, తర్వాత బండి, ఇప్పుడు ఫోను. ఆ సరదా జరుగుతున్నంతసేపూ పక్కన పెళ్లికూతురు పూలజడ బరువుకి మెడ లాగుతున్నా నవ్వుతూ ఉంటుంది. నేను వెనక నుంచి యూ పిన్ను సర్దుతుంటాను. అలిగే హక్కు ఎవరిదో ఆ మంచం చూస్తే తెలిసిపోతుంది. ముద్దుపళని ఆ మంచం మీద రాధని కూర్చోబెట్టింది. బతిమాలే పని దేవుడికిచ్చింది. సాంత్వనం అంటే అదే, ఊరడించడం.

అలిగే ఆడవాళ్ళు తెలుగు కావ్యాలకి కొత్త కాదని మాస్టారు గుర్తుచేశారు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి తలని ఎడమకాలితో తన్నలేదా? తన్నింది. అయితే ఆ గొడవ నారదుడు తెచ్చిన పువ్వుని కృష్ణుడు సవతికి ఇచ్చినందుకు. సత్యభామ కోపంలో తన తప్పేమీ లేదు. రాధ సంగతి వేరు. పిల్లని పెంచింది తను, ఇచ్చింది తను, లోపలికి పంపింది తను. ఎవరి మీద అలగాలి? కృష్ణుడిని తిడుతుంటే సగం తిట్లు తనకే తగులుతున్నాయని నాకనిపించింది. అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను.

నాకు గుర్తొచ్చింది వేరే విషయం. రెండేళ్ళ కిందట వడపళనిలో ఒక పెళ్ళి. పెళ్లికూతురి అక్కకి పెళ్ళి కాలేదు, ముప్పై ఆరో ముప్పై ఏడో ఉంటాయి. రాత్రంతా నాతోపాటే నిలబడి చెల్లెలికి పారాణి పెట్టింది, కోయంబేడు మార్కెట్ నుంచి తెచ్చిన కనకాంబరాలు మాల కట్టి ఇచ్చింది, సేఫ్టీ పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని ఒక్కొక్కటే అందించింది. నాలుగింటికి మేళం మోగింది, అందరూ పెళ్లికూతుర్ని తీసుకుని బయటికి వెళ్ళారు. ఈ అమ్మాయి మాత్రం ఫ్యాన్ కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. తను ఇంకా చీర కూడా మార్చుకోలేదు. నేను సామాను సర్దబోయి ఆగి, "రామ్మా, పది నిమిషాలు" అని కూర్చోబెట్టి మేకప్ వేశాను. ఆ అమ్మాయి ఏడవలేదు, ఏమీ అనలేదు. అద్దంలో చూసుకుని, "కాటుక ఇంకొంచెం ముదురుగా పెట్టండి" అంది. డాన్సర్ అమ్మాయి అడిగిన రాధ మొహం నేను అప్పటికే ఒకసారి చూశానన్నమాట.

నచ్చనివి కూడా చెప్పాలి. ఇళ బొత్తిగా చిన్నపిల్ల. అప్పుడే ఈడేరింది. ఈ రోజుల్లో అయితే తొమ్మిదో క్లాసో పదో క్లాసో చదువుతూ ఉండాలి. ఆ పెళ్ళీ ఆ గదీ వర్ణించే పేజీలు నేను చదవలేదు, దాటేశాను. ఆ కాలం అంతే అని మాస్టారన్నారు. కాలం అంతే కావచ్చు, నా కళ్ళు ఈ కాలానివి. పైగా ఆ పిల్లకి ఏమనిపించిందో ముద్దుపళని కూడా పెద్దగా పట్టించుకోలేదు. రాధ బాధకి అన్ని పద్యాలు రాసిన మనిషి ఇళ కోసం ఇంకో పది రాసి ఉంటే బాగుండేది. మగవాళ్ళు రాసిన కావ్యాల్లో ఆడది బొమ్మ అంటాం. ఇందులో ఇళ కూడా చాలాసేపు బొమ్మే.

రెండోది, వర్ణనలు. మొదలైతే కథ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. మొత్తం 584 పద్యాలు, నాలుగు ఆశ్వాసాలు, అంటే అధ్యాయాలు. పెళ్ళిళ్ళ రోజులు పోను మాకు ఆరు నెలలు పట్టింది, ఆషాఢంలో గిరాకీ లేక చివరి ఆశ్వాసం గబగబా అయింది. నిజం చెప్పాలంటే ఓ వంద పద్యాలకి నేను తలూపానే గానీ నా బుర్రకి ఎక్కలేదు.

అట్ట మీది ఎర్ర అక్షరాలు చూసి కొనేవాళ్ళకి ఒక మాట. మీరనుకునే మసాలా కోసం ప్రబంధ భాషతో కుస్తీ పట్టడం దండగ, ఫోన్లో ఇంకా సులభంగా దొరుకుతుంది. పాతకాలం ప్రేమకథలు, రాజులూ అంతఃపురాలూ ఉన్న నవలలు ఇష్టంగా చదివేవాళ్ళు మాత్రం దీన్ని వదలొద్దు. ఆ నవలల్లో నాయిక ఎదురుచూస్తూ ఉంటుంది, నాయకుడు గుర్రమెక్కి వస్తాడు. ఇక్కడ నాయిక ఎదురుచూస్తుంది, తిడుతుంది, అతను వస్తే వెంటనే లొంగదు, పైగా రాసిన మనిషికి ఆ వ్యవహారం వినికిడి కాదు. పద్యం చదవలేనివాళ్ళకి 2011లో పెంగ్విన్‌వాళ్ళు వేసిన ఇంగ్లీషు అనువాదం ఉంది. మా అమ్మాయి బీకామ్ చదువుతోంది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు, అదే తెప్పించుకుంది. ఒక రాత్రి ఇద్దరం పక్కపక్కన కూర్చుని, నేను పద్యం, తను ఇంగ్లీషు. "అమ్మా, పద్యంలో ఇంకేదో ఉంది కదా, నువ్వు నవ్వుతున్నావు, నాకు రాలేదు" అంది. ఇంగ్లీషులోకి రాగం రాదు మరి.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. తెలుగు ప్రతి ఏది తీసుకున్నా ముందు పేజీలు తిప్పండి. నాగరత్నమ్మ ముందుమాట, ముద్దుపళని తన గురించి చెప్పుకున్న పద్యాలు, రెండూ ఉంటేనే డబ్బులివ్వండి. నా 450 రూపాయల కాపీ ఇప్పుడు పార్లర్‌లో బిందీల అట్టల కింద ఎత్తుగా ఉంటోంది.

పోయిన వారం పిన్నిగారు కూరగాయల సంచీతో పార్లర్‌కి వచ్చింది. ఐబ్రోస్‌కేమో అనుకున్నాను, ఆవిడ ఎప్పుడూ చేయించుకోదు. సంచీలోంచి వాళ్ళ పాత ప్రతి తీసి బల్ల మీద పెట్టింది, పాత పేపర్లో చుట్టి ఉంది.

"నాకూ ఒకటి తీయించవే అమ్మాయ్. ఆయన బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. అక్షరాలు మాత్రం పెద్దవి చేయించు, నాకీ కళ్ళద్దాలతో కష్టం."

జెరాక్స్ కుర్రాడికి ఫోన్ చేశాను. పెద్ద సైజు కాగితం మీద అయితే 700 దాకా అవుతుందన్నాడు. పిన్నిగారు బొడ్లో దోపుకున్న పర్సు తీసి ఏడు వందలూ లెక్కపెట్టి, చివరి నోటు చేతిలోనే పట్టుకుని అంది, "ముందు పేజీలు వదిలేయొద్దని చెప్పు వాడికి."